గణితసారసంగ్రహకర్త మహావీరాచార్యుడు

మహావీరుడనగానే తీర్థంకరులలో కడపటివాడైన వర్ధమాన మహావీరుడు లోకులకు తలపునకు వచ్చును. గణితశాస్త్రమున ప్రఖ్యాతిగాంచిన మహావీరాచార్యుడు ఆయన కాడు. ఆయనకు ఇంచుమించు పదునాలుగు వందల సంవత్సరముల తరువాత, క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమున, రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున వెలసిన దిగంబర జైనపండితుడు. 850వ సంవత్సర ప్రాంతమున ఇతడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము, జ్యోతిషముతో కలగలుపక గణితమును మాత్రమే విషయముగా గైకొని, వేయికి పైబడిన శ్లోకములతో సర్వాంగసమగ్రముగా నడచిన గ్రంథము. ఆర్యభటుడును బ్రహ్మగుప్తుడును గ్రహగతులు చెప్పుచు నడుమ ఒకటి రెండధ్యాయములలో గణితము చెప్పిరి. గణితమునకు తనదైన ఇల్లు కట్టి ఇచ్చినవాడు మహావీరాచార్యుడు.

మన మడకశిర సీమకు ఆ కాలముతో సంబంధము లేకపోలేదు. అమరాపురమునకు సమీపముననున్న హేమావతి అప్పుడు హెంజేరు అను పేర నొళంబరాజులకు రాజధానిగా నుండెను. నొళంబులు ఒకప్పుడు రాష్ట్రకూటులకును, మఱియొకప్పుడు గంగరాజులకును లోబడి ఈ మెట్టసీమ నేలిరి. హేమావతి గుడుల నల్లరాతి స్తంభములను చూచినవారు ఆ శిల్పుల చేతిలోని కొలబద్ద ఎంత నిక్కమైనదో ఎఱుగుదురు. రాతిని గుండ్రముగా త్రిప్పి, అంచు అంచునకు తేడా రాకుండ చెక్కిన ఆ చేతులు ఏ శాస్త్రము చదివియుండెనో గాని, ఆ కాలమున వృత్తమును గూర్చిన తలపోత ఎంత ప్రబలముగా నుండెనో ఊహించుటకు ఆ స్తంభములే చాలును.

మహావీరాచార్యునకు ప్రభువైన అమోఘవర్షుడు 814లో పసితనముననే సింహాసనమెక్కి, 878 వఱకు అఱువదినాలుగేండ్లు రాజ్యము చేసెను. ఆయన రాజధాని మాన్యఖేటము, నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ. అరబ్బు దేశపు వర్తకుడు సులేమాను 851లో వ్రాసిన వృత్తాంతమున లోకమందలి నలుగురు మహారాజులలో ఈ రాష్ట్రకూట ప్రభువును ఒకనిగా లెక్కించెను. అంత గొప్పవాడయ్యు అమోఘవర్షునకు యుద్ధములకంటె విద్యయందే మక్కువ ఎక్కువ. కన్నడమున లభించిన గ్రంథములలో మొదటిదగు కవిరాజమార్గము ఆయన ఆస్థానమున పుట్టినది. ఆదిపురాణకర్తయగు జినసేనాచార్యుడు ఆయనకు గురువు. ప్రజలకు ఉపద్రవము సంభవించినపుడు ఆ రాజు తన వ్రేలిని కోసి కొల్హాపుర మహాలక్ష్మికి సమర్పించెనని సంజాను తామ్రశాసనము చెప్పుచున్నది. ఇట్టి ప్రభువు నీడన ఒక గణితవేత్తకు అన్నవస్త్రములకు లోటుండలేదు. అంతకంటె ముఖ్యము, వినువారికి లోటుండలేదు.

మహావీరాచార్యుడు తన తల్లిదండ్రులను గూర్చియు, ఊరును గూర్చియు గ్రంథమున ఒక్క మాటయు వ్రాయలేదు. తొలి శ్లోకములను జినస్తుతికిని, అమోఘవర్షుని ప్రశంసకును విడిచి, తాను మాత్రము పూర్వాచార్యుల సముద్రమునుండి కొన్ని రత్నములను, రాతినుండి కొంత బంగారమును, చిప్పనుండి కొన్ని ముత్యములను ఏరుకొని తెచ్చినవాడనని చెప్పుకొని ఊరకుండెను. కనుక ఆయన జీవితమును తెలియగోరువారు గ్రంథమును విప్పి చూడవలసినదే. మనిషి స్వభావము లెక్కలలోను తెలియును.

గ్రంథమున తొమ్మిది భాగములు కలవు. సంజ్ఞలు, పరికర్మలు, భిన్నములు, ప్రకీర్ణకము, త్రైరాశికము, మిశ్రకము, క్షేత్రగణితము, ఖాతము, ఛాయ అని వాని క్రమము. వడ్డీలెక్కలు, బంగారపు వన్నె, కూలివాండ్ర బత్తెము, గోతుల త్రవ్వకము, నీడనుబట్టి ప్రొద్దు తెలిసికొనుట, ఇవి అన్నియు ఇందు వచ్చును. వంట మొదలు వైద్యము వఱకు, సంగీతము మొదలు గృహనిర్మాణము వఱకు గణితము లేని చోటు లేదని ఆయన మతము. ఉదాహరణములలో తామరకొలనులు, తుమ్మెదలు, ఏనుగుల గుంపులు, మామిడితోపులు విరివిగా కనబడును. సంఖ్యలతో ఆడుకొనుట యన్నను ఆయనకు వేడుకయే. 152207ను 73తో హెచ్చించిన 11111111 వచ్చును. 142857143ను 7తో హెచ్చించిన 1000000001 వచ్చును. ఇట్టి ఫలములను ఆయన కంఠమున వేసికొను హారములతో పోల్చెను.

ఆఱు రుచులను ఎన్ని విధముల కలుపవచ్చునను లెక్కయు ఇందు కలదు. ఒక్కొక్క రుచి విడిగా ఆఱు విధములు, రెండేసి పదునైదు, మూడేసి ఇరువది, నాలుగేసి పదునైదు, అయిదేసి ఆఱు, ఆఱును కూడి ఒకటి. వెరసి 63. మన ఉగాది పచ్చడి ఆ అఱువదిమూటిలో కట్టకడపటిది. ఎన్ని వస్తువులకైనను చెల్లునట్లు ఈ కలయికల సూత్రమును సామాన్యరూపమున చెప్పిన తొలివారిలో మహావీరాచార్యుడు ఒకడు. ఋణరాశి ఏ రాశికిని వర్గము కాదు గనుక దానికి వర్గమూలము లేదని ఆయన స్పష్టముగా చెప్పెను. అట్లే పొరపాటును చేసెను. ఒక రాశిని సున్నతో భాగించిన ఆ రాశి మార్పులేక నిలుచునని ఆయన వ్రాసినది తప్పు. దీనిని దాచవలసిన పని లేదు. పెద్దలను గౌరవించుటయనగా వారి తప్పులను ఒప్పులని చెప్పుట కాదు.

ఇక క్షేత్రగణితము. పొలముల వైశాల్యమును కట్టు నేర్పరులకు ఈ అధ్యాయమే ప్రాణము. ప్రతి ఆకారమునకును ఆయన రెండేసి లెక్కలు చెప్పెను. మొదటిది వ్యావహారికము, అనగా పొలముగట్టున నిలుచుండి నోటితో చెప్పగల స్థూలగణితము. రెండవది సూక్ష్మము. వృత్తమునకు వ్యావహారికమున చుట్టుకొలత వ్యాసమునకు మూడింతలు. సూక్ష్మమున పదింటి వర్గమూలమంత, అనగా 3.162 ఇంతలు. త్రిభుజములు, చతుర్భుజములు, వృత్తములు అందఱును చెప్పినవే. ఈయన అంతటితో ఆగక యవగింజవంటి ఆకృతి, మద్దెలవంటి ఆకృతి, వజ్రమువంటి ఆకృతి, శంఖమువంటి వృత్తము, బండిచక్రపు అంచువంటి వలయము అన్నింటిని కొలిచెను. వానిలో ఒకటి ఆయతవృత్తము. నేటి బడిపుస్తకములలో దీర్ఘవృత్తము అను పేరితో వాడుకలోనున్నది ఇదియే. ఆర్యభటుడు దీని జోలికి పోలేదు, బ్రహ్మగుప్తుడును పోలేదు. మూడు వందల యేండ్ల తరువాత లీలావతి వ్రాసిన భాస్కరాచార్యుడును దీనికి సూత్రము చెప్పలేదు. ఎవరును అడుగు పెట్టని చేనిలో ఒంటరిగా దుక్కి దున్నినవాడు మహావీరాచార్యుడు.

ఆయన ఇచ్చిన ఉదాహరణము చిన్నది. పొడుగు వ్యాసము 36, అడ్డు వ్యాసము 12 గల ఆయతవృత్తమునకు చుట్టుకొలత యెంత, ఫలమెంత యని ప్రశ్న. వ్యావహారికమున, పొడుగునకు అడ్డులో సగము చేర్చి, దానిని రెండింతలు చేయవలెను. 36నకు 6 చేర్చగా 42, రెండింతలు 84. ఇది చుట్టుకొలత. దానిని అడ్డులో నాలుగవపాలైన 3తో హెచ్చించగా 252 ఫలము. సూక్ష్మమున, అడ్డు వర్గమును ఆఱింతలు చేసి, పొడుగును రెండింతలు చేసి వర్గించి, రెంటిని కూడి, వర్గమూలము తీయవలెను. అడ్డు వర్గము 144, ఆఱింతలు 864. పొడుగు రెండింతలు 72, వర్గము 5184. మొత్తము 6048. దాని వర్గమూలము 77.77. దానిని మరల 3తో హెచ్చించగా ఫలము 233.3.

ఈ సూత్రము ఎక్కడినుండి వచ్చినదో పండితులు చక్కగా ఊహించిరి. జైనగణితమున వింటిని కొలుచుటకు ఒక సూత్రము కలదు. అల్లెత్రాటి వర్గమునకు, బాణపు పొడవు వర్గమును ఆఱింతలు చేసి చేర్చి వర్గమూలము తీసిన, వింటిబద్ద పొడవు వచ్చును. ఆయతవృత్తమును పొడుగున రెండుగా చీల్చిన రెండు విండ్లు ముఖాముఖి కూర్చున్నట్లుండును. అల్లెత్రాడు 36, బాణము 6. 1296నకు 216 చేర్చగా 1512. దాని వర్గమూలము 38.88, రెండు విండ్లకు 77.77. లెక్క సరిగా కలిసినది.

అయితే నిజమెంత? నేటి గణితమున ఈ ఆకృతి చుట్టుకొలత 80.19. మహావీరాచార్యుని సూక్ష్మము నూటికి మూడు పాళ్లు మాత్రమే తగ్గినది. ఇది సామాన్యమైన విజయము కాదు. ఆయతవృత్తపు చుట్టుకొలతను ఖండితముగా చెప్పు సులభసూత్రము నేటికిని లేదు. దానికొఱకు పడమటి దేశముల గణితవేత్తలు ఒక ప్రత్యేక శాఖనే పెంచవలసి వచ్చినది. 1914లో శ్రీనివాస రామానుజన్ ప్రకటించినవియు దగ్గఱి విలువలనిచ్చు సూత్రములే, అవి ఎంత ఆశ్చర్యకరముగా దగ్గఱివైనను. అట్టి కఠినమైన చోట మహావీరాచార్యుడు వెయ్యేండ్లకు మునుపే లక్ష్యము చేరువకు బాణము వేసెను.

సులభమైన చోట తప్పిపోయెను. అదియే విచిత్రము. ఆయతవృత్తపు వైశాల్యము చుట్టుకొలతకంటె ఎంతో తేలికైనది. 12 మూరల వ్యాసము గల గుండ్రని కళ్లమును తలచుకొనుడు. దానిని సన్నని పట్టీలుగా చీల్చి, ప్రతి పట్టీని పొడుగున మూడింతలు సాగదీసితిమా, వెడల్పు మాఱక పొడుగు మాత్రము 36 మూరలై ఆయతవృత్తమగును. ప్రతి పట్టీయు మూడింతలైనది గనుక మొత్తమును మూడింతలే. గుండ్రని కళ్లము 113.1, మూడింతలు 339.3. బడిపిల్లవానికి చెప్పవలసినచో రెండు వ్యాసములను హెచ్చించి, పదునొకండింట గుణించి, పదునాలుగింట భాగింపుమనవచ్చును. 36ను 12తో హెచ్చించగా 432, పదునొకండింతలు 4752, పదునాలుగింట భాగింపగా 339 చిల్లర. సిరక్యూసు నగరమున ఆర్కిమిడీసు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దముననే దీనిని నిరూపించియుండెను. ఆ గ్రంథము మాన్యఖేటమునకు చేరలేదు.

మహావీరాచార్యుని 252 గాని, 233 గాని 339నకు చాల దూరము. అందును వింత యేమనగా, సూక్ష్మమని చెప్పినది వ్యావహారికముకంటె ఎక్కువ దూరము పోయినది. కారణము వెదకుట కష్టము కాదు. చుట్టుకొలతను వ్యాసములో నాలుగవ పాలితో హెచ్చించిన వైశాల్యము వచ్చుననునది వృత్తమునకు అక్షరాల సత్యము. పొడుగును అడ్డును సమానమైనపుడు ఆయన సూత్రములు రెండును వృత్తపు సూత్రములుగా మాఱి సరిగా పలుకును. ఆ సామ్యమే ఆయనను ముంచినది. వృత్తమున ఒకే వ్యాసము, ఆయతవృత్తమున రెండు. ఆయన చిన్నదానినే పట్టుకొని పెద్దదానిని చుట్టుకొలతకు మాత్రము విడిచిపెట్టెను. ఆకారము ఎంత పొడుగైన తప్పు అంత పెరుగును.

ఇది తాటాకుపై తప్పిన లెక్క మాత్రమే యని త్రోసివేయరాదు. కరువుసీమలో భూమియు నీరును కొలతకు లోబడినవి. 36 గొలుసుల పొడుగు, 12 గొలుసుల వెడల్పు గల చెఱువు ముంపును తీసికొందము. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. నిజమైన వైశాల్యము దాదాపు 34 ఎకరములు. గణితసారసంగ్రహపు సూక్ష్మమున 23 చిల్లర. పదిన్నర ఎకరములు కాగితముమీద మాయమైపోయినవి. ఆ ముంపులో పట్టా భూమి పోయి నష్టపరిహారము పుచ్చుకొను రైతునకు పది ఎకరముల సొమ్ము పోవును. ఆ చెఱువు అడుగున వేసవి పైరు పెట్టి శిస్తు కట్టువానికి పది ఎకరముల శిస్తు మిగులును, సర్కారునకు పోవును. సూత్రమునకు పక్షపాతము లేదు. ఏ వైపున నిలుచున్నవాడు ఆ వైపున నష్టపడును, లేదా లాభపడును.

ఆ కాలమున దీనివలన ఊళ్లు కూలిపోలేదనుటకు కారణము కలదు. ఈ సీమలో భూమిని పూర్వము చుట్టుకొలతనుబట్టి కాక, చల్లు విత్తనమునుబట్టి ఎంచెడివారు. పుట్టి, తూము, ఖండుగ అను మాటలు ధాన్యమునకు ఎట్లో భూమికిని అట్లే వాడుకలో నుండెను. విత్తనము తప్పు చెప్పదు. వంకరగట్టుగల చేనైనను, కోడిగ్రుడ్డువలె ఒక కొన సన్నగిలినదైనను, ఎన్ని తూములు పట్టునో అంతయే పట్టును. శాసనములలో మత్తరు లెక్కయు, గడకొలతయు కనబడును గాని, అవి ఎక్కువగా మూలలుగల చేలకు చెల్లినవి.

కోడిగ్రుడ్డు ఆకారమనగా జ్ఞప్తికి వచ్చినది. ఆయతవృత్తము రెండు కొనలను సమముగా నుండును, గ్రుడ్డు అట్లుండదు. గ్రుడ్డు ఆకారమునకు ఒకే సూత్రము ఎక్కడను లేదు, ఎన్ని రకముల గ్రుడ్లో అన్ని లెక్కలు. అందుకే సర్వేవారు సూత్రమును నమ్మక గొలుసును నమ్ముదురు. పొడుగున నడుమ ఒక గీత వేసి, సమానమైన ఎడములలో అడ్డముగా కొలతలు తీసి, రెండేసి కొలతల నడుమ నున్న పట్టీని సమలంబ చతుర్భుజముగా ఎంచి కూడుదురు. ఈ పద్ధతిని మహావీరాచార్యుని ఉదాహరణమునకే వర్తింపజేసి చూడవచ్చును. ఆఱేసి గొలుసుల ఎడమున అడ్డుకొలతలు కొనలయందు సున్న, నడుమ 8.94, 11.31, 12, మరల 11.31, 8.94. ఆఱు పట్టీలకు కూడగా 315 వచ్చును. ఎడము సగము చేసి పండ్రెండు పట్టీలు చేసిన దాదాపు 331. పట్టీలు సన్నగిలినకొలది 339ని సమీపించును. శాస్త్రమెఱుగని గొలుసు మనిషి ఆఱు కొలతలతో ఆచార్యుని సూక్ష్మముకంటె నిజమునకు చేరువగా పోగలడు. గొలుసును పొలముపై పఱచినవాడు తప్పును కంటితో చూచును. తాటాకుపై గంటముతో గీచినవానికి ఆ అవకాశము లేదు. మహావీరాచార్యుడు ఒక్కమాఱు ఇసుకమీద ఆయతవృత్తము గీచి, గవ్వలు పఱచి లెక్కించియుండిన ఆ రాత్రియే తన శ్లోకమును దిద్దుకొనియుండును. పూర్వుల సూత్రములను దిద్దుటకు జంకని వాడు తనదానిని దిద్దుటకు వెనుకాడడు.

తెలుగువారికి ఈయన ఋణము వేఱొక విధమున కలదు. పావులూరి మల్లన గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చి సారసంగ్రహగణితము రచించెను. తెలుగున తొలి శాస్త్రగ్రంథముగా దీనిని చెప్పుదురు. రాజరాజనరేంద్రుని వలన పిఠాపురము చేరువనున్న నవఖండవాడ అగ్రహారము పడసిన మల్లన ఈ కవియా, లేక ఈ కవికి తాతయా యని పండితులలో అభిప్రాయభేదము కలదు. మల్లన మూలమునకు దాసుడు కాలేదు. జినస్తుతులను తీసి శివస్తుతులు పెట్టెను; ఉదాహరణములను తన నేలకు తగినట్లు మార్చెను. చదరంగపు అఱువదినాలుగు గడులలో ఒకటి మొదలు రెట్టింపుచు పోయిన వచ్చు ఇరువది అంకెల మొత్తమును భూతసంఖ్యలతో ఒకే పద్యమున ఇమిడ్చిన నేర్పు ఆయనదిగా తెలుగునాట ప్రసిద్ధము. వీథిబడులలో తరతరములుగా పిల్లలు పావులూరి గణితము వల్లించిరి. దాని వెనుకనున్న మాన్యఖేటపు ఆచార్యుని పేరు మాత్రము మఱుగుపడెను.

మూలగ్రంథము దక్షిణదేశపు తాళపత్రములలో శతాబ్దుల తరబడి నిద్రించెను. వానిలో ఒక ప్రతికి వల్లభుడను నాతడు కన్నడమున టీక వ్రాసి, తెలుగునను ఒక టీక వ్రాసితినని చెప్పుకొనెను. కన్నడమును తెలుగును ఒకే ఇంట పలుకు మడకశిరవారికి ఇది వింతగా తోపదు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడును, ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు అధికారియు నగు ఎం. రంగాచార్యులు ఆ ప్రతులను సరిచూచి, ఆంగ్లానువాదముతో సిద్ధముచేయగా, మదరాసు ప్రభుత్వము 1912లో అచ్చువేసెను. న్యూయార్కు నగరపు గణితచరిత్రకారుడు డేవిడ్ యూజీన్ స్మిత్ దానికి ఉపోద్ఘాతము వ్రాసెను. అనంతపురము జిల్లాయు అప్పుడు ఆ రాజధానిలోనిదే. 1963లో షోలాపురమున హిందీ అనువాదము వెలువడినది. ఆ ముద్రణములలో ఏడవ అధ్యాయమును తెఱచిన, ముప్పదియాఱు పొడుగును పండ్రెండు అడ్డమును గల ఆయతవృత్తము ఆచార్యుడు విడిచిపోయిన ఆ రెండు సూత్రములతోనే నేటికిని ఉన్నది.